బిడ్డల పోషణము – పెద్దలు వ్రాయు కాగితములు

(పెనుగంచిప్రోలు వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

  

విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహములలోని వృథావ్యయమును గూర్చియు, యువకుల ఉద్యోగములను గూర్చియు మాటలాడుటకు సమర్థులైన వక్తలు ఈ వేదికపై పలువురు గలరు. మాకు నియమింపబడిన విషయము వినుటకు ఇంపైనది కాదు. భార్యాభర్తలు విడిపోయినపుడు వారి బిడ్డలు ఎవరియొద్ద నుండవలెను, ఆ బిడ్డల తిండికిని బట్టకును చదువునకును ఎవరు పెట్టవలెను అను సంగతిని మహాసభలలో సాధారణముగా ఎవరును ఎత్తరు. ఇంటిగుట్టని యూరకుందుము. అయినను ఈ గుట్టు మన సంఘమునకు తెలియనిది కాదు. మన అరుగులమీదనే, మన పెద్దలే నడుమ కూర్చుండి ఈ తగవులు తీర్చుచున్నారు. మన చేతులతోనే కాగితములు వ్రాయుచున్నాము. కావున దీనిని గూర్చి మాటలాడవలసినవారమును మనమే.

మునేటి యొడ్డున వెలసిన తిరుపతమ్మ తల్లి కథ మీరెల్లరు నెఱిగినదే. భర్త దూరమైన వేళ అత్తింట బాధలు పడి, యోగాగ్నిలో దేహము చాలించిన యిల్లాలిని దేవతగా కొలుచుచున్న గ్రామమిది. ఇట్టి చోట, అత్తింటినుండి బిడ్డను చంకనెత్తుకొని తిరిగివచ్చిన ఆడపడుచు సంగతికి మహాసభలో ఒక గడియ కేటాయించుట అసంగతము కానేరదు.

మన మెట్ట గ్రామములలో ఈ తగవు తీరు విధము మీకు తెలియును. ఇరుపక్షముల బంధువులును, ఊరి పెద్దలిద్దఱు ముగ్గురును కూర్చుందురు. మొదట కట్నపు మాట వచ్చును. ఎంత యొప్పుకొనిరి, ఎంత చేతికి ముట్టినది, పొలము ఎవరి పేర వ్రాసిరి అను లెక్క తేలుటకే ఒక పూట పట్టును. పిదప బంగారము. పిదప సారె సామానులు. బీరువాకును మంచమునకును కూడ వాదము జరుగును. చిట్టచివర, దీపములు పెట్టు వేళకు, బిడ్డ మాట వచ్చును. అప్పటికి అందఱును అలసియుందురు. “చిన్నది కదా, తల్లియొద్దనే యుండనిండు” అని యొకరందురు. “సరే, ఇకమీదట మాకేమియు సంబంధము లేదని వ్రాయుడు” అని మగవారి పక్షమువారందురు. “మేమును ఏమియు అడుగము, మీరును మా గడప తొక్కరాదు” అని ఆడువారి పక్షమువారందురు. స్టాంపు కాగితముమీద నాలుగు పంక్తులు పడును. సాక్షులు సంతకములు చేయుదురు. బీరువాకు పట్టిన కాలములో నాల్గవ వంతైనను బిడ్డకు పట్టదు.

ఈ కాగితములలో రెండు మాటలు తఱచుగా కనబడుచుండును. బిడ్డ పోషణ నిమిత్తము ఇంత మొత్తము ముట్టినది గనుక ఇకముందు తండ్రిపై ఏ హక్కును లేదనునది యొకటి. తండ్రి బిడ్డను చూడరాదనునది రెండవది. ఈ రెండును న్యాయస్థానమున నిలువవు. నిలువవను సంగతి తెలిసియో తెలియకయో మన పెద్దలు వ్రాయించుచునే యున్నారు. దీనిని మాన్పించుటకే మేము ఈనాడు మాటలాడుచున్నాము.

మొదటి మాటను లెక్కవేసి చూతము. మూడేండ్ల బిడ్డకు, తీరువడిగా రెండు లక్షల రూపాయలు ఇప్పించితిమనుకొందము. పెద్ద మొత్తమే యనిపించును. పంచాయితీలో ఆ యంక పలికినపుడు మగవారి పక్షమువారు మొగము ముడుచుకొందురు కూడ. ఆ బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండుటకు ఇంకను పదునైదేండ్లు, అనగా 180 నెలలు గలవు. రెండు లక్షలను 180 చేత భాగించిన నెలకు 1,111 రూపాయలు. దినమునకు 37 రూపాయలు. ఈ ముప్పదియేడు రూపాయలలో పాలు, బియ్యము, బట్టలు, బడి జీతము, జ్వరము వచ్చిన మందులు, అన్నియు గడవవలెను. బ్యాంకిలో నుంచిన వడ్డీ వచ్చును గదా యని యెవరైన అనవచ్చును. నిజమే, ఆ రూకలు బ్యాంకిలో నిలిచిననాడు వచ్చును. పుట్టింటివారు పెండ్లికి చేసిన అప్పు తీర్చుటకే ఆ మొత్తము చాలదని మీలో పలువురెఱుగుదురు. బిడ్డ పేర వచ్చిన ధనము బిడ్డకు ముట్టకయే కరగిపోవును.

ఇక న్యాయమును చూతము. 1956వ సంవత్సరపు హిందూ దత్తత మనోవర్తి చట్టము 20వ విభాగము ననుసరించి మైనరు బిడ్డను పోషించుట తండ్రికిని తల్లికిని కూడ విధి. ఇది బిడ్డకు గల హక్కు. తల్లికి గల హక్కు కాదు. తనది కానిదానిని తల్లి యెట్లు వదలుకొనగలదు? తల్లి తన మనోవర్తిని గూర్చి యేమి వ్రాసికొన్నను, పరస్పరాంగీకారపు పరిష్కారములో బిడ్డ పోషణ నిక అడుగనని వ్రాసియిచ్చినను, ఆ మాట మైనరు బిడ్డ హక్కును బాధింపదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టముగా చెప్పినది. కట్నము విషయమును అట్టిదే. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము ప్రకారము, ఇచ్చిన కట్నము ఆ స్త్రీకి చేర్చవలసిన సొత్తు. దానిని తిరిగి యిచ్చి బిడ్డ పోషణకింద జమకట్టుట యనగా, ఆమె సొమ్ముతోనే ఆమె బిడ్డను పోషించితిమని చెప్పుకొనుట. మన పంచాయితీలలో ఈ జమ యెంత తఱచుగా జరుగుచున్నదో మీకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఆస్తి సంగతి యింకను చిక్కైనది. పిత్రార్జితమైన ఉమ్మడి పొలమున్న కుటుంబములో బిడ్డకు పుట్టుకతోనే భాగము కలదు. కూతురైనను కలదు: ఆంధ్రప్రదేశమున 1986 నాటి సవరణచట్టము వలనను, దేశమంతటను 2005 నాటి సవరణ వలనను ఆ హక్కు ఏర్పడినది. మైనరు స్థిరాస్తిని న్యాయస్థానపు అనుమతి లేక సహజ సంరక్షకులైన తల్లిదండ్రులే అన్యాక్రాంతము చేయరాదని 1956 నాటి మైనారిటీ సంరక్షకత్వ చట్టము 8వ విభాగము చెప్పుచుండగా, అరుగుమీద కూర్చున్న మనమెవ్వరము? ఆ బిడ్డ మేజరైన పిదప మూడేండ్లలోపల అట్టి బదలాయింపును రద్దుపఱచుమని దావా వేయవచ్చును. అనగా నేడు మూడేండ్ల బిడ్డ విషయమై మనము చేయు సంతకములకు ఇంకొక పదునెనిమిదేండ్లకు సంజాయిషీ చెప్పవలసి రావచ్చును. సాక్షులుగా చేవ్రాలు చేయు పెద్దలు అంతకాలము జీవించియుండి బోనెక్కవలెనని మేము కోరుచున్నాము.

తండ్రి వ్రాసియిచ్చిన కాగితము బిడ్డల విషయమున ఎంతవఱకు చెల్లునను ప్రశ్న తెలుగువారికి క్రొత్త కాదు. నూఱేండ్లకు పూర్వమే ఒక తెలుగు తండ్రి దీనిని లండను నగరములోని ప్రివీ కౌన్సిలు వఱకు తీసికొనిపోయెను. మదనపల్లె ప్రాంతమువారగు జిడ్డు నారాయణయ్యగారు రెవిన్యూ ఉద్యోగమునుండి విశ్రాంతి గైకొని, తల్లిలేని పిల్లలతో 1909లో అడయారులోని దివ్యజ్ఞాన సమాజమునకు చేరిరి. అనిబిసెంటుగారు వారి కుమారులైన కృష్ణమూర్తిని, నిత్యానందుని చేరదీసిరి. 1910 మార్చిలో నారాయణయ్యగారు ఆ బాలుర సంరక్షణమును ఆమె కప్పగించుచు ఒక కాగితముమీద సంతకము చేసిరి. రెండేండ్లు గడచునప్పటికి మనసు మారెను. బాలురను ఆమె ఇంగ్లండునకు తీసికొనిపోయిరి. తన బిడ్డలను తనకిప్పింపుమని ఆయన 1912లో చెంగల్పట్టు జిల్లాకోర్టులో దావా వేసిరి. అది మద్రాసు హైకోర్టునకు మార్చబడెను. 1913లో తీర్పు తండ్రికి అనుకూలముగా వచ్చెను, అప్పీలులోను నిలిచెను. కాని 1914లో ప్రివీ కౌన్సిలు ఆ తీర్పును కొట్టివేసినది.

ఆ కొట్టివేతకు చెప్పిన కారణములు గమనింపదగినవి. తండ్రి సంరక్షణము ఒక ధర్మనిక్షేపము వంటిది గనుక, దానిని కాగితము వ్రాసి శాశ్వతముగా ఇతరులకు ధారపోయుటకు వీలులేదనియు, ఇచ్చిన యనుమతిని తండ్రి వెనుకకు తీసికొనవచ్చుననియు న్యాయమూర్తులు ఒప్పుకొనిరి. ఆ మేరకు నారాయణయ్యగారి వాదము నెగ్గినట్లే. అయినను, బాలురు ఇంగ్లండులో నుండగా చెంగల్పట్టు న్యాయస్థానమునకు అధికారమెక్కడిది? వారి క్షేమమేమి, వారి యిష్టమేమి అని విచారించినవారెవరు? పెద్దలిద్దఱు వాదులాడిరే కాని బిడ్డల పక్షమున మాటలాడిన వారు లేకపోయిరని ఆ దావా కూలిపోయినది. అప్పటికి కృష్ణమూర్తిగారు పందొమ్మిదేండ్ల యువకుడు. ఆయన పిదప లోకప్రసిద్ధుడైన తత్త్వవేత్త యగుటచేత ఈ వ్యాజ్యెమును అందఱును మతవిషయముగా చెప్పుకొందురు. మాకు మాత్రము ఇది ఒక కాగితపు కథగా తోచును. ఇది భార్యాభర్తల తగవు కాకపోయినను, సంతకముతో బిడ్డల నప్పగించుట యెంత దుర్బలమైన కార్యమో ఇంతకన్న స్పష్టముగా చూపు ఉదాహరణము తెలుగునాట వేఱొకటి మాకు తెలియదు.

ఆనాడు విడిపోయిన భార్యకును బిడ్డకును గల దారి చాల యిఱుకైనది. 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులోని 488వ విభాగము క్రింద మేజిస్ట్రేటు నెలకు 50 రూపాయలకు మించి యిప్పింపజాలడు. 1923లో దానిని 100కును, 1955లో 500కును పెంచిరి. ఆ అయిదువందలు 1973 నాటి క్రొత్త కోడులో 125వ విభాగముగా మారిన పిదపను అట్లే నిలిచి, 2001లో గాని తొలగలేదు. నలువదియాఱేండ్లు బియ్యము ధర పెరుగుచుండగా బిడ్డ ధర మాత్రము పెరుగలేదు! ఇక విడాకుల సంగతి: మద్రాసు రాజధానిలో 1949 నాటి చట్టము వలనను, దేశమంతటను 1955 నాటి హిందూ వివాహ చట్టము వలనను న్యాయస్థానపు విడాకులు వచ్చినవి. ఆ 1955 చట్టములోని 26వ విభాగము, విడాకుల వ్యాజ్యెములోనే బిడ్డల సంరక్షణ, పోషణ, విద్యలను గూర్చి యుత్తరువు లిచ్చుటకును, అవసరమైనపుడు వానిని మార్చుటకును న్యాయస్థానమునకు అధికారమిచ్చినది. మార్చుటకు అనుమాట ముఖ్యము. మూడేండ్ల బిడ్డకు వ్రాసిన మొత్తము పదేండ్ల బిడ్డకు చాలదని న్యాయమునకు తెలియును. మన స్టాంపు కాగితమునకు తెలియదు.

2024 జూలై 1 నుండి పాత 125వ విభాగము స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ విభాగము అమలులోనికి వచ్చినది. పేరు మారినను పని యదియే. బిడ్డయు తల్లియు నివసించు చోటనే అర్జీ పెట్టుకొనవచ్చును. నందిగామ ఆడపడుచు భర్త యున్న దూరపు నగరమునకు పోనక్కఱలేదు. ధర్మపత్ని బిడ్డ యైనను కాకపోయినను పోషణ తప్పదు. మధ్యంతరముగా కొంత యిప్పించు అర్జీని, ఎదుటివారికి నోటీసు ముట్టిన అఱువది దినములలో వీలైనంతవఱకు తేల్చవలెను. 2020లో సుప్రీంకోర్టు రెండు సంగతులను స్థిరపఱచినది: ఉభయులును తమ ఆదాయమును, ఆస్తిని, అప్పులను ప్రమాణపత్రముపై దాఖలు చేయవలెను, పోషణ అర్జీ పెట్టిన దినమునుండియే లెక్కింపబడవలెను. ఇవ్వవలసిన బాకీ ఇవ్వనివానిని జైలునకు పంపవచ్చును గాని, జైలులో కూర్చున్నంతమాత్రమున బాకీ తీరినట్లు కాదని తీర్పు కలదు. అయితే బాకీ పడిన యేడాదిలోపల అడుగవలెను. ఈ గడువు తెలియక, “పోనిమ్ము, పంట వచ్చిన పిదప అడుగుదము” అని యోపికపట్టి నష్టపోవుచున్న తల్లులు గలరు. ఓపిక మంచిదే, యేడాది దాటనీయకుడని మాత్రము వారికి చెప్పుడు.

ఇచ్చట మగవారి పక్షమునను న్యాయముగా చెప్పవలసినది కొంత యున్నది. మనది ప్రత్తియు మిరపయు పండు మెట్ట. సాగరు కాలువ నీరు అందినపుడు ఒకతీరు, అందనపుడొకతీరు. కౌలుకు చేయువానికి పంట అమ్మిననాడే రూపాయి కనబడును. నెలనెల జీతము రాదు. అట్టివానిని నెలకింతయని కట్టుమనిన మూడవ నెలకే బాకీపడును, బాకీపడినవాడు ముఖము చాటువేయును, ముఖము చాటువేసినవాడు బిడ్డను చూచుటకును రాడు. కావున ఒప్పందము చేయించునపుడే, మిరపకాయలు గుంటూరు యార్డునకు చేరు కాలమున ఆఱునెలలదో యేడాదిదో ముందుగా బిడ్డ పేరి ఖాతాలో వేయునట్లు వ్రాయించినయెడల ఉభయులకును మేలు. జగ్గయ్యపేట ప్రాంతపు సిమెంటు ఫ్యాక్టరీలలో జీతము తెచ్చుకొనువానికి ఈ వెసులుబాటు అక్కఱలేదు. ఇక “నాకు ఆదాయమే లేదు” అనువారి సంగతి: ఒడలు బాగుగా నున్న మగవాడు కూలిచేసియైన భార్యాబిడ్డలను పోషింపవలసినదేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పినది. తల్లి సంపాదించుచున్న పక్షమున ఆమెయు తన రాబడికి తగినట్లు భాగము పెట్టుకొనవలెనని 2000లో చెప్పియున్నది. ఉపాధ్యాయినులు, నర్సులు, కంపెనీలలో పనిచేయు యువతులు మన యిండ్లలో నేడు పలువురు గలరు గనుక ఈ మాటయు చెప్పుచున్నాము.

ఇప్పుడు రెండవ మాటకు, అనగా తండ్రి బిడ్డను చూడరాదను షరతునకు వచ్చుచున్నాము. అయిదేండ్లలోపు బిడ్డ సాధారణముగా తల్లియొద్ద నుండవలెనని 1956 చట్టము 6వ విభాగము. సహజ సంరక్షకుడు తండ్రి, అతని తరువాత తల్లి అని అందులో నున్న మాటకు, తండ్రి చనిపోయిన తరువాత అనియే అర్థము కాదనియు, తండ్రి పట్టించుకొననపుడు కూడ తల్లి సంరక్షకురాలే యనియు 1999లో సుప్రీంకోర్టు అర్థము చెప్పినది. వీనియన్నిటికిని పైన, బిడ్డ క్షేమమే ప్రధానమని అదే చట్టము 13వ విభాగము. తన యిష్టము చెప్పగల వయసు వచ్చిన బిడ్డ మాటను న్యాయస్థానము పరిశీలింపవచ్చునని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమునందే కలదు. న్యాయాధిపతులు అట్టి పిల్లలను తమ గదిలోనికి పిలిచి విడిగా మాటలాడుదురు. మన పంచాయితీలో బిడ్డను పిలిచి యడిగినవారెవరైన గలరా? అరుగు క్రింద ఆడుకొనుచుండగా పైన మనము వ్రాసితిమి.

తల్లియొద్ద నుండుట వేఱు, తండ్రి లేకుండుట వేఱు. ఏ యొక్కరి స్వాధీనమున నున్నను, రెండవవారి సాంగత్యము పొందుట బిడ్డకు గల హక్కేయనియు, దూరదేశమున నున్నవారు వీడియో ద్వారానైన బిడ్డతో మాటలాడు ఏర్పాటుండవలెననియు 2020 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. మన పెద్దలు చేయించు ఒప్పందములలో ఈ రెండును ఒకదానికొకటి తాకట్టు పెట్టబడుచున్నవి. “డబ్బు కట్టిననే చూపుదుము” అని యీ పక్షము, “చూపిననే కట్టుదుము” అని యా పక్షము. న్యాయములో ఇవి రెండును వేఱువేఱు. తండ్రి రూపాయి ఇయ్యలేదని బిడ్డకు తండ్రిని లేకుండ చేయరాదు. తల్లి గడప దాటనీయలేదని బిడ్డ కూడు మాన్పింపరాదు. డబ్బు రాకపోయిన దానికి అర్జీ గలదు, బిడ్డను చూపకపోయిన దానికిని అర్జీ గలదు. వ్యాజ్యెములో గెలుచుటకై బిడ్డకు తండ్రిమీదనో తల్లిమీదనో చెడు మాటలు నూరిపోయు వాడుకను గూర్చి యెక్కువ చెప్పము. అది ఉభయ పక్షములలోను కలదు, తాతమ్మమ్మల పాలు అందులో తక్కువ కాదు.

చూచుట ఎప్పుడు, ఎక్కడ? కోర్టు ఆవరణములో ఆదివారము గంటసేపు, బెంచీమీద కూర్చుండి, ప్లీడరు గుమాస్తా చూచుచుండగా బిడ్డకు బిస్కత్తు పొట్లమిచ్చి వచ్చు తండ్రి ఆ బిడ్డకు చుట్టముకూడ కాలేడు. మన ఊళ్లకు మన పండుగలు గలవు. సంక్రాంతి మూడు దినములు తల్లియొద్ద, వేసవి సెలవులలో సగము తండ్రియొద్ద, పెద్ద తిరునాళ్లకు తండ్రితో, చిన్న తిరునాళ్లకు తల్లితో అని తేదీలతో సహా వ్రాయించుట మనవంటి వారికి తెలిసినట్లు న్యాయాధిపతికి తెలియదు. రెండేండ్లకొకమారు అమ్మవారి విగ్రహములను రంగులకై జగ్గయ్యపేటకు తీసికొనిపోవు ఉత్సవమున దారిపొడవున జనమెంత యుందురో మీకు తెలియును. నాయన భుజముమీదనుండి ఆ ఉత్సవమును చూచు భాగ్యము బిడ్డకు ఒక కాగితము వలన పోరాదు. ఇట్టి యేర్పాటునందే పెద్దలు పనికివచ్చుదురని మా నమ్మకము. హక్కులు కోసివేయుటకు కాక, దినములు పంచుటకు మనము కూర్చుందము.

మన కాగితములలోని వేఱొక లోపమును ఇచ్చట చెప్పక తీఱదు. పెద్దల యెదుట తెగతెంపులు చేసికొన్నంతమాత్రమున విడాకులైనట్లు కాదు. ఆచారసిద్ధమైన విడాకులను 1955 చట్టము 29వ విభాగము కాపాడినమాట నిజమే. కాని అట్టి ఆచారము ఆ కులములో అనూచానముగా నున్నదని ప్రత్యేకముగా చెప్పి, సాక్ష్యముతో ఋజువు చేయవలెనని 2002లో సుప్రీంకోర్టు తీర్పు. ఋజువు కానిచో మొదటి పెండ్లి నిలిచియే యుండును, రెండవ పెండ్లి చెల్లదు. అపుడు రెండిండ్ల బిడ్డలును చిక్కుపడుదురు. చెల్లని పెండ్లి బిడ్డలైనను ధర్మజులేయని 16వ విభాగము వారిని కాపాడుచున్నది. అయినను ఆ మాట చెప్పించుకొనుటకు వారు ఏండ్ల తరబడి కోర్టుమెట్లెక్కవలసినదే. ఇరువురును సమ్మతించినయెడల 1976లో చేర్చిన 13బి విభాగము క్రింద న్యాయస్థానములోనే విడాకులు పొందవచ్చును. ఇంత సుగమమైన దారి యుండగా అరుగుమీది విడాకులేల?

ఇక ఇంటిపేరు. కులసంఘములో ఈ మాట యెత్తగానే పలువురు నిటారుగా కూర్చుందురని మాకు తెలియును. తల్లి పునర్వివాహము చేసికొన్నపుడు బిడ్డకు ఎవరి యింటిపేరుండవలెనను వివాదము మన ఆంధ్రప్రదేశపు కుటుంబమొకదానిలో తలయెత్తి, సుప్రీంకోర్టు వఱకు పోయినది. తండ్రి చనిపోగా తల్లి మరల వివాహమాడినది; తాతయు నాయనమ్మయు బిడ్డ పాత యింటిపేరే యుండవలెనని పట్టుపట్టిరి. క్రొత్త భర్తను పత్రములలో సవతితండ్రిగా చూపవలెనని క్రింది ఉత్తరువు. 2022 జూలైలో సుప్రీంకోర్టు దానిని తోసివేసి, బిడ్డకు ఏకైక సహజ సంరక్షకురాలైన తల్లికి ఇంటిపేరు నిర్ణయించు హక్కు కలదనియు, సవతితండ్రి యను ముద్ర వేయించుట బిడ్డ మనస్సునకు క్రూరమనియు పలికినది. అది చనిపోయిన తండ్రి విషయము. విడిపోయిన తండ్రి జీవించియున్నచోట అతని మాటయు వినవలసియుండును. అయినను వంశము నిలుపుట పేర, ప్రతిదినము బడిలో హాజరు పిలుచునపుడు బిడ్డ తలవంచుకొను స్థితి కల్పింపరాదని మా మనవి. మన సంఘపు జనాభా పట్టికలలోను, వధూవరుల పట్టికలలోను తండ్రి యింటిపేరు లేని బిడ్డలకు స్థానము చూపని వాడుక యున్నచో, దానిని ఈ యేడే సవరింపవలెను.

విదేశములనుండి వచ్చు తగవులను గూర్చి కొద్దిగా చెప్పెదము. హైదరాబాదు, విజయవాడ రహదారిమీది మన గ్రామములనుండి అమెరికాకు పోయిన యల్లుండ్రును కోడండ్రును కొల్లలు. అచ్చట తగవు పుట్టగానే బిడ్డలతో విమానమెక్కి స్వదేశమునకు వచ్చినంతమాత్రమున అధికారము ఇచ్చటి న్యాయస్థానములకు మారదు. అమెరికాలో పుట్టి పెరుగుచున్న బిడ్డలను తల్లి హైదరాబాదునకు తెచ్చిన ఒక తెలుగు దంపతుల వ్యాజ్యెములో, బిడ్డల సాధారణ నివాసము అమెరికాయేయని 2019లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పి, వారిని అచ్చటికి పంపుటకు ఏర్పాట్లు చేయించినది. ఎత్తుకొనిపోయిన బిడ్డల విషయమైన 1980 నాటి హేగు ఒడంబడికలో భారతదేశము చేరలేదు గనుక ఏ వ్యాజ్యెమునకావ్యాజ్యెము వేఱుగా తేలుచున్నది. ఇట్టివి పంచాయితీతో తీరునవి కావు. వెంటనే న్యాయవాదియొద్దకు పంపుడు.

మఱి పెద్దలు చేయవలసినదేమి? తగవులు తీర్పవద్దని మేము చెప్పుట లేదు. విజయవాడలో కుటుంబ న్యాయస్థానమున్నను, నందిగామలోను జగ్గయ్యపేటలోను కోర్టులున్నను, వాయిదాలకు తిరుగు ఓపిక మన ఆడపడుచులకు చాలదు; పెద్దల మాటకున్న విలువ మనకు ఆస్తియే. 1987 నాటి న్యాయసేవాధికార చట్టము క్రింద స్త్రీలకును బిడ్డలకును ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా న్యాయవాదిని ఏర్పాటు చేయుదురు. వ్యాజ్యెము వేయకముందే ఇరుపక్షములు లోక్ అదాలత్ ఎదుటికి వచ్చి రాజీపడినయెడల, ఆ రాజీకి సివిలు కోర్టు డిక్రీకి గల బలమే కలుగును. విడాకులు మాత్రము కోర్టులో తీసికొనవలెను. పోషణ మొత్తము, కట్టు తేదీలు, చూచు దినములు ఇచ్చట వ్రాయించుకొనవచ్చును. అరుగుమీద కుదిరిన మాటనే అచ్చటికి తీసికొనిపోయిన చాలును.

ఈ యుద్దేశముతో ఒక తీర్మానపు చిత్తును సిద్ధము చేసితిమి. మన సంఘ సభ్యులెవ్వరును బిడ్డ పోషణహక్కును వదలుకొను కాగితమునకు సాక్షిసంతకము చేయరాదు. పంచాయితీలో బిడ్డ మాటను కట్నపు మాటకు ముందుగా, ఉదయమే తీసికొనవలెను. పోషణ ధనము బిడ్డ పేరి బ్యాంకి ఖాతాలోనే పడవలెను, యేటేట కొంత పెరుగునట్లు వ్రాయవలెను. కోర్టు ఖర్చులకును ప్రయాణములకును లేమి గల తల్లులకై సంఘనిధినుండి కొంత ప్రత్యేకింపవలెను. దాతలు ఈ పద్దునకు విడిగా చందాలు వ్రాయింపవచ్చును. ఈ చిత్తు రేపు ఉదయము విషయనిర్ధారణ సంఘము ఎదుటికి వచ్చుచున్నది. సాక్షిసంతకపు నిబంధనను మీఱినవారి విషయమున ఏమి చేయవలెనో అందులో ఖాళీగా విడిచితిమి. దానిని పూరించు పని సభవారిది.